ఫిబ్రవరి నాటకానికి పిల్లల ముఖాలకు రంగు వెయ్యాలా వద్దా?

డాలస్‌బుల్లోడు: మా ఆదివారం తెలుగు బడి పిల్లలు బ్లాక్ హిస్టరీ మంత్‌కి (అమెరికాలో నల్లవాళ్ల చరిత్రని తలుచుకునే ఫిబ్రవరి నెల) పది నిమిషాల నాటకం వేస్తున్నారు. అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ ఊరి బస్సులో నల్లావిడ రోజా పార్క్స్ తెల్లవాళ్ల కోసం సీటు వదలనన్న ఘట్టం. ముఖానికి ముదురు రంగు వేద్దామంటే ఒకావిడ ససేమిరా అంటున్నారు. కృష్ణుడికి నీలం పుయ్యట్లేదా?

కోనసీమపిల్ల: ఆ ఒకావిడని నేనే. ఈ దేశంలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే ఆటలు 1830ల నుంచీ ఆడారు. కృష్ణుణ్ణి ఎవరు వెక్కిరించారండీ? కోటు, టోపీ, కళ్లద్దాలు చాలు.

డాలస్‌బుల్లోడు: మన ఉద్దేశం మంచిదే కదా.

గోంగూర: కళ్లద్దాలు ఎవరు తెస్తారో ముందు తేల్చండి.

పాతపుస్తకం: అసలు పార్క్స్ ఎందుకు? 1955 మార్చి 2న, ఆవిడకంటే తొమ్మిది నెలల ముందు, అదే ఊళ్లో 15 ఏళ్ల క్లాడెట్ కాల్విన్ సీటు వదలక అరెస్టయింది. బస్సుల్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని తేల్చిన కేసులో ఫిర్యాదీల్లో ఆ పిల్ల ఉంది, పార్క్స్ లేరు. ఆడేది పిల్లలైనప్పుడు పిల్ల కథ వద్దా?

డాలస్‌బుల్లోడు: ఆ పేరు ఎవరికి తెలుసు? నల్లవాళ్లు 381 రోజులు బస్సెక్కకుండా ఉన్నది పార్క్స్ అరెస్టుతోనే. రంగు సంగతి చెప్పండి.

కోనసీమపిల్ల: చెప్తా. మా పాపకి ఒక ఏడు తాటకి, తర్వాతి ఏడు శూర్పణఖ. సీత మాత్రం ఎప్పుడూ పచ్చటి పిల్లే. మొన్న గ్రూపులో "మీ అమ్మాయైతే రంగు ఖర్చు కలిసొస్తుంది" అని రాసి నవ్వు బొమ్మ పెట్టారు.

డాలస్‌బుల్లోడు: సరదాకన్నారు, మీరు మనసులో పెట్టుకున్నారు. ఉన్నమాట చెప్తున్నా: నాకీ నాటకమే ఇష్టం లేదు. మనం చదువుకుని, వీసా తెచ్చుకుని, మన కష్టంతో వచ్చాం. వాళ్ల గొడవ మనకెందుకు?

పాతపుస్తకం: ఆ వీసా ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? 1946 చట్టం భారతీయులకిచ్చింది ఏడాదికి 100 చోట్లు. తలుపు తెరిచింది 1965 వలస చట్టం. వాళ్లు దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. ఆ ఊపులోనే మరుసటి ఏడు ఈ వలస చట్టమూ వచ్చింది.

గోంగూర: అమ్మో, బుల్లోడు గారికి హోంవర్క్.

డాలస్‌బుల్లోడు: పాఠాలొద్దు. సరే, రంగు లేదు. వేషాలు కమిటీ తేలుస్తుంది.

కోనసీమపిల్ల: కమిటీలో ఎవరెవరున్నారో ఇక్కడే రాయండి. మా పాప క్లాడెట్ వేస్తానంటోంది. జనంలో నిలబెడతామంటే మేం రాం.