గ్రూపులో సరదాగా జనరల్ నాలెడ్జ్ క్విజ్ నడపాలి, సలహాలు కావాలి

పుస్తకాల పురుగు:
అందరికీ నమస్కారం. పాత మిత్రులు, వాళ్ళ మిత్రులు కలిసి ఏర్పడ్డ ఒక ఆన్‌లైన్ గ్రూపులో ఉన్నాను. వయసులు, చదువులు, ఉండే దేశాలు ఎవరివి వాళ్ళవే. వారానికొక క్విజ్ పెడదామని అందరూ అనుకుని, నిర్వహణ నాకు అప్పజెప్పారు. పోటీ పరీక్షలా ఉండకూడదు, అలాగని మరీ చప్పగానూ ఉండకూడదు. ఎన్ని ప్రశ్నలు పెట్టాలి? ఎంత కష్టంగా ఉండాలి? అందరూ గూగుల్‌లో వెతికేస్తే ఏం చేయాలి? బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురు మొదటి నిమిషంలోనే జవాబులు చెప్పేస్తే మిగతావాళ్ళు చూస్తూ కూర్చోవాల్సిందేనా? ఇదివరకు నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

తీరిక వేళ:
మీ చివరి సందేహంతో మొదలుపెడతానండీ, గ్రూపు క్విజ్‌లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. ప్రశ్న గ్రూపులో పెట్టి “ముందు చెప్పినవారికి పాయింటు” అన్నారంటే అది వేళ్ళ వేగానికి పోటీ అయిపోతుంది. నింపాదిగా ఆలోచించేవాళ్ళు రెండో వారానికే తప్పుకుంటారు. అందుకని జవాబులు గ్రూపులో రాయించకండి. మీకు విడిగా మెసేజ్ పంపమనండి, లేదా ఒక ఫారమ్ పెట్టండి. ఒక రోజు పూర్తిగా గడువివ్వండి. సభ్యులు వేర్వేరు దేశాల్లో ఉన్నారంటున్నారు కాబట్టి గడువు “రాత్రి తొమ్మిదికి” అని రాస్తే సరిపోదు, ఏ దేశపు రాత్రి తొమ్మిదో కూడా రాయండి.

పది ప్రశ్నలు చాలు. అందులో మూడు దాదాపు అందరికీ వచ్చేవి, ఐదు సగం మందికి వచ్చేవి, రెండు గట్టివి ఉండేలా చూసుకోండి. మొదటిది సులువుగా ఉండాలి. ఫారమ్ తెరవగానే తెలియని ప్రశ్న కనబడితే చాలామంది అక్కడే మూసేస్తారు. సైన్స్, భూగోళం, చరిత్ర, ఆటలు, జంతువులు, రోజూ వాడే వస్తువులు ఇలా పంచండి. మీకిష్టమైన విషయం నుంచి రెండుకు మించి పెట్టకండి, ఎంత ముచ్చటగా అనిపించినా సరే.

అసలు సంగతి ప్రశ్న తయారు చేయడంలో ఉంది. జవాబు తెలియని మనిషి కూడా కాసేపు ఆలోచించి ఒక ఊహకు రాగలిగితే అది మంచి ప్రశ్న. “గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళిన తేదీ ఏది?” అని అడిగితే 1961 ఏప్రిల్ 12 అని గుర్తున్నవాళ్ళు రాస్తారు, గుర్తులేనివాళ్ళకు చేసేదేమీ లేదు. అదే విషయాన్ని ఇలా అడగండి: “మనిషి చేసిన మొదటి అంతరిక్ష యాత్రలో గగారిన్ బయలుదేరిన దగ్గర్నుంచి నేల మీదికి తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టింది? 108 నిమిషాలా, 12 గంటలా, 3 రోజులా?” ఇప్పుడు ఆలోచించడానికి దారి దొరికింది. ఆయన భూమిని ఒక్క చుట్టే చుట్టారని గుర్తున్నవాళ్ళు, భూమికి దగ్గరగా తిరిగే నౌకకు ఒక చుట్టుకు గంటన్నర పడుతుందని తెలిసినవాళ్ళు 108 నిమిషాలకు వచ్చేస్తారు. తప్పు చెప్పినవాళ్ళు కూడా జవాబు విని “అంతేనా!” అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం కోసమే క్విజ్ పెట్టాలి అని నా అభిప్రాయం. అందుకే ప్రతి జవాబు కింద రెండు మూడు వాక్యాల వివరణ తప్పకుండా రాయండి. గ్రూపులో అసలైన కబుర్లు ఆ వివరణల దగ్గరే మొదలవుతాయి.

లెక్కల మాస్టారు:
సాధనాల గురించి నేను చెప్తాను. గూగుల్ ఫారమ్‌లో క్విజ్ సెట్టింగ్ పెట్టుకుంటే మార్కులు అదే వేస్తుంది, ఎవరు ఎప్పుడు పంపారో కూడా నమోదవుతుంది. ఒక్క విషయం జాగ్రత్త. మార్కులు వెంటనే చూపించాలా, మీరు చూశాక విడుదల చేయాలా అని అడుగుతుంది. రెండోది ఎంచుకోండి. లేకపోతే మొదట పంపినవారికి జవాబులన్నీ కనబడిపోతాయి, గడువు ముగిసేలోగా అవి ఊరంతా తిరిగొస్తాయి.

గ్రూపు టెలిగ్రామ్‌లో ఉంటే పోల్‌లో క్విజ్ పద్ధతి ఉంది. సరైన జవాబు ముందే గుర్తు పెట్టొచ్చు, ఒకసారి నొక్కాక మార్చుకోలేరు, చిన్న వివరణ కూడా జోడించొచ్చు. వాట్సాప్‌లో మామూలు పోల్ క్విజ్‌కు పనికిరాదు. ఎవరు దేనికి ఓటేశారో మిగతావాళ్ళకు కనిపిస్తుంది, ఓటు మార్చుకోవచ్చు, దాంతో అందరూ గుంపుగా ఒకే జవాబు వైపు వెళ్తారు. కహూట్ లాంటి లైవ్ క్విజ్ యాప్‌లు అందరూ ఒకే సమయానికి కూర్చుంటేనే బాగుంటాయి, పైగా అందులో తొందరగా నొక్కినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి.

ఇంకో మాట. తప్పు జవాబుకు పావు మార్కు కోత పెట్టండి, గుడ్డిగా నొక్కడం తగ్గుతుంది.

తీరిక వేళ:
మాస్టారూ, సాధనాల గురించి మీరు చెప్పిందంతా బాగుంది, కోత మాత్రం వద్దండీ. వేలమందిలో కొందరిని వడకట్టాల్సిన పరీక్షలో దానికి అర్థముంది. ఇక్కడ ఊహించి రాయడంలోనే సరదా. కోత పెడితే సందేహంలో ఉన్నవాళ్ళు ఖాళీగా వదిలేస్తారు, అప్పుడు ఆలోచించడమే మానేస్తారు.

లెక్కల మాస్టారు:
సరే, సరదా క్విజ్ కాబట్టి ఒప్పుకుంటున్నాను.

చుక్కల లోకం:
వెతకడం గురించి నా మాట. దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించకండి. కాపలా కాసే పని పెట్టుకుంటే మీకూ విసుగే, గ్రూపులో అనుమానాలూ పెరుగుతాయి. ఫారమ్ పైన ఒకే వాక్యం రాయండి: “ఈ తొమ్మిదింటికీ వెతక్కుండా రాయండి, పదోదానికి ఎక్కడైనా వెతుక్కోవచ్చు.” ఒక ప్రశ్నకు తలుపు తెరిచి ఉంచితే మిగతా తొమ్మిదింటి విషయంలో ఎక్కువమంది మాట నిలబెట్టుకుంటారు.

ఆ పదోది నిజంగా వెతుకులాటకు తగ్గట్టు ఉండాలి. ఉదాహరణకు “కాన్‌బెర్రా, బ్రెసీలియా, ఇస్లామాబాద్ ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న సంగతేమిటి?” రాజధానులు అని ఆగిపోతే సగం పాయింటు. ఇరవయ్యో శతాబ్దంలో రాజధాని కోసమే పథకం వేసి కట్టిన నగరాలు అని రాస్తే పూర్తి పాయింటు. చాట్‌బాట్‌ను అడిగి తెచ్చుకున్నా పర్వాలేదు, చదివి తెలుసుకున్నట్టే కదా.

పుస్తకాల పురుగు:
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. కొన్ని ప్రశ్నలు రాసుకున్నాను, చూసి చెప్తారా?
1. ప్రపంచంలో అతిపెద్ద ఎడారి ఏది?
2. శని గ్రహానికి ఎన్ని ఉపగ్రహాలు?
3. ప్రపంచంలో అతి పొడవైన నది ఏది?
4. టెలిఫోన్ కనిపెట్టినదెవరు?
5. అంతరిక్షం నుంచి కంటికి కనిపించే ఏకైక మానవ నిర్మాణం ఏది?
6. ఆక్టోపస్‌కు ఎన్ని గుండెలు?

తీరిక వేళ:
ఆరోది తప్ప మిగతావన్నీ గొడవ తెచ్చేవేనండీ. చిన్నప్పటినుంచీ చదువుకున్నవే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అందుకే పప్పులో కాలేస్తాం. ఒక్కొక్కటీ చూద్దాం.

ఎడారి: చాలామంది సహారా అని రాస్తారు. వాన, మంచు ఎంత తక్కువ పడుతుందన్న లెక్కన చూస్తే అంటార్కిటికా కూడా ఎడారే. దాని విస్తీర్ణం దాదాపు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు, సహారాది 90 లక్షల పైచిలుకు. “వేడి ఎడారుల్లో” అన్న మాట చేర్చితే సహారా ఖాయం. నేనైతే తిప్పి అడుగుతాను: “వాన, మంచు చాలా తక్కువగా పడే ప్రాంతాన్ని ఎడారి అంటారు. ఆ లెక్కన అన్నిటికన్నా పెద్ద ఎడారి ఏది?” సూచన ప్రశ్నలోనే ఉంది కాబట్టి మోసం చేసినట్టూ ఉండదు.

శని: ఈ అంకె నిలకడగా ఉండేది కాదు. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలకు గుర్తింపు వచ్చి మొత్తం 274కు చేరింది. పాత పుస్తకం చదివినవారు ఒకటి రాస్తారు, కొత్త వార్త చదివినవారు ఇంకొకటి రాస్తారు. అంకె బదులు “ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది?” అని అడగండి. గురుడని రాసేవాళ్ళు చాలామంది ఉంటారు, వివరణ రాయడానికి మీకు మంచి అవకాశం. జనాభా, రికార్డులు, పదవుల్లో ఉన్నవారు, దేశాల పేర్లు కూడా ఇలాంటివే. కజకిస్థాన్ రాజధాని పేరు 2019లో అస్తానా నుంచి నూర్‌సుల్తాన్ అయింది, 2022లో మళ్ళీ అస్తానా అయింది. మారే విషయం అడగక తప్పకపోతే ఏ తేదీ నాటికో ప్రశ్నలోనే రాయండి.

నది: నైలు అని ఎక్కువ పుస్తకాల్లో ఉంటుంది. అయితే నది మొదలెక్కడ, ముగింపెక్కడ అన్నదాన్ని బట్టి కొలత మారుతుంది, అమెజానే పొడవైనదని వాదించే పరిశోధకులూ ఉన్నారు. తీసేయండి. “సముద్రంలోకి అన్నిటికన్నా ఎక్కువ నీరు తెచ్చే నది ఏది?” అంటే అమెజాన్, దానికి పోటీయే లేదు.

టెలిఫోన్: కనిపెట్టడమనేది ఒక్కరి ఖాతాలో వేయడం కష్టం. బెల్ కన్నా ముందే టెలిఫోన్ మీద పనిచేసిన ఇటలీవాడు ఆంటోనియో మెయుచీ కృషిని గౌరవిస్తూ అమెరికా ప్రతినిధుల సభ 2002లో తీర్మానం చేసింది. “1876 మార్చిలో అమెరికాలో టెలిఫోన్‌కు పేటెంట్ ఎవరికి దక్కింది?” అని అడిగితే అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక్కడే జవాబు.

అంతరిక్షం: ఇది అపోహ. చైనా గోడ పొడవే గాని వెడల్పు తక్కువ, రంగు కూడా చుట్టూ ఉన్న నేలలో కలిసిపోతుంది. 2003లో అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లివే కూడా తనకు గోడ కనబడలేదనే చెప్పారు. పైగా రాత్రిపూట నగరాల దీపాలు కక్ష్య నుంచి చక్కగా కనిపిస్తాయి, కాబట్టి “ఏకైక” అన్న మాటే నిలవదు. దీన్ని “నిజమా, అపోహా” రౌండులో పెట్టుకోండి, భలే పండుతుంది.

ఆక్టోపస్: చాలా బాగుంది, అలాగే ఉంచండి. మూడు గుండెల్లో రెండు మొప్పలకు, ఒకటి మిగతా శరీరానికి రక్తం పంపిస్తాయని, ఆ రక్తంలో రాగి ఉన్న పదార్థం వల్ల నీలంగా ఉంటుందని వివరణలో రాయండి. పిల్లలు పక్కన కూర్చుని చదివే ఇళ్ళలో ఇలాంటివి బాగా గుర్తుండిపోతాయి.

చుక్కల లోకం:
సరిచూసుకోవడం గురించి ఒక ముక్క. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకున్న సైట్లు రెండు చూస్తే రెండుసార్లు చూసినట్టు కాదు. అంతరిక్షమైతే నాసా, దేశాల సంగతైతే ఐక్యరాజ్యసమితి, నోబెల్ అయితే నోబెల్ వారి సొంత సైటు, ఇలా మూలానికి వెళ్ళండి. చాట్‌బాట్‌తో ప్రశ్నలు తయారు చేయించుకుంటే ప్రతి జవాబూ మళ్ళీ మీరే చూడాలి. తప్పు కూడా అంతే ధీమాగా రాస్తుంది అది.

పుస్తకాల పురుగు:
అన్నీ మార్చేస్తున్నాను. ఇంకో రెండు సందేహాలు. అభ్యంతరాలు వస్తే ఎలా? ఇద్దరికి సమానంగా వస్తే ఎలా?

తీరిక వేళ:
అభ్యంతరాలకు ఒక రోజు ఇవ్వండి, ఆధారం చూపించమనండి. రెండో జవాబు కూడా నిలబడేదైతే రెండిటికీ పాయింటు ఇచ్చేయండి. ప్రశ్నలోనే లోపముంటే అందరికీ ఇవ్వండి, లోపం పట్టుకున్నవారికి గ్రూపులో పేరు పెట్టి ధన్యవాదాలు చెప్పండి. టైప్ చేసే జవాబులకు మీరే చేత్తో మార్కులు వేసుకోండి. ఒకరు శుక్రుడని రాస్తారు, ఇంకొకరు వీనస్ అని రాస్తారు, ఫారమ్‌కు రెండూ ఒకటేనని తెలియదు.

టై బ్రేకర్‌కు వేరే రౌండు అక్కర్లేదు. ఫారమ్ చివర అందరూ అంచనా వేసే ఒక అంకె అడగండి. “సూర్యకాంతి భూమిని చేరడానికి ఎన్ని సెకన్లు?” సగటున దాదాపు 499. దగ్గరగా రాసినవారిది గెలుపు.

ఫలితాల్లో మొదటి ముగ్గురి పేర్లు చాలు. మొత్తం పట్టిక పెట్టి ఎవరు చివర ఉన్నారో చూపించకండి, మిగతావారి మార్కులు వాళ్ళకు విడిగా పంపండి. దానికి బదులు “ఎక్కువమంది తప్పిన ప్రశ్న”, “ఒక్కరికే తెలిసిన జవాబు” అని రెండు వరసలు రాయండి. గెలిచినవారికి ఇష్టమైతే తర్వాతి వారం ప్రశ్నలు వాళ్ళతో తయారు చేయించండి. మీకూ ఆడే అవకాశం వస్తుంది, ఎప్పుడూ గెలిచే ఆ ఇద్దరు ముగ్గురి సమస్య కూడా తీరుతుంది.

పుస్తకాల పురుగు:
ఇది బాగుందండీ! ఆప్షన్లతో మూడు సిద్ధం చేశాను, ఇలా పెట్టొచ్చా?
1. వాన, మంచు లెక్కన అతిపెద్ద ఎడారి: ఏ. సహారా, బి. గోబీ, సి. అంటార్కిటికా, డి. కలహారి
2. 1876 మార్చిలో అమెరికాలో టెలిఫోన్ పేటెంట్ పొందినవారు: ఏ. ఎడిసన్, బి. మార్కోనీ, సి. గ్రాహం బెల్, డి. టెస్లా
3. ఆక్టోపస్‌కు గుండెలు: ఏ. 1, బి. 2, సి. 3, డి. 4

లెక్కల మాస్టారు:
మూడింటికీ జవాబు సి లోనే ఉందమ్మా. ఫారమ్‌లో ఆప్షన్ల వరస మార్చే సెట్టింగ్ ఉంది, ప్రతి ప్రశ్నకూ దాన్ని ఆన్ చేసుకోండి. రెండోదాంట్లో మార్కోనీని తీసేయండి, ఆయన పుట్టిందే 1874లో. ఆ చోట ఎలీషా గ్రే పేరు పెట్టండి, బెల్ దరఖాస్తు చేసిన రోజే ఆయన కూడా టెలిఫోన్ గురించి పేటెంట్ కార్యాలయానికి కాగితాలు ఇచ్చారు. విషయం కొంచెం తెలిసినవాళ్ళు కూడా అక్కడ ఆగి ఆలోచిస్తారు. మూడోదాంట్లో 4 బదులు 8 పెట్టండి, చేతుల లెక్కతో కలిపేసుకునేవాళ్ళు ఉంటారు.