అప్‌డేట్: బల్బు రెసిస్టెన్స్ లెక్క తేలింది

12 వోల్టులు, 21 వాట్ల ఫిలమెంట్ బల్బుకు మీటర్ పెడితే 0.8 ఓమ్‌లే చూపిస్తోందని, ఆ లెక్కన 15 ఆంపియర్లు, 180 వాట్లు వస్తున్నాయని అడిగింది నేనే. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"ఆరిపోయిన బల్బును కాదు, వెలుగుతున్నప్పుడు కొలువు" అన్న సలహాయే పనిచేసింది. కరెంటు కొలిచే అమ్మీటర్‌ను సిరీస్‌లో, అంటే బల్బుకు వెళ్లే కరెంటు దాని గుండానే పోయేలా పెట్టి, బల్బు రెండు కొసల మధ్య వోల్టేజ్ చూశాను. 12 వోల్టులు, 1.75 ఆంపియర్లు. భాగిస్తే దాదాపు 6.9 ఓమ్‌లు, గుణిస్తే సరిగ్గా 21 వాట్లు! టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుందట. స్విచ్ వేసిన క్షణంలో మాత్రం కరెంటు నిజంగానే చాలా ఎక్కువ.

నమ్మకం కుదరక 6 వోల్టులు కూడా ఇచ్చి చూశాను. కరెంటు సగానికి పడలేదు, 1.2 ఆంపియర్లు ఉంది. అంటే 5 ఓమ్‌లు, 7.2 వాట్లు. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది.

మీటర్ బ్యాటరీ అనవసరంగా మార్చాను, దాని తప్పేమీ లేదు. మీటర్ ప్రోబ్‌లు (కొలిచే తీగల కొసలు) రెండూ ఒకదానికొకటి ఆనిస్తే 0.2 ఓమ్‌లు చూపించింది కానీ, అసలు తేడాకు అది కారణం కాదు.

అన్నట్టు, అమ్మీటర్‌ను బ్యాటరీకి నేరుగా తగిలించొద్దు. ఒక ఫ్యూజ్ అలాగే పోగొట్టుకున్నాను.