అప్‌డేట్: ఆ పడవ ఏ నదిలోదో తేలింది

ఫ్రెంచ్ చిత్రకారుడు దెలాక్రువా 1822లో వేసిన 'డాంటే పడవ' బొమ్మలో ఉన్నది ఏ నది, పడవ నడిపేది గ్రీకు పురాణాల్లో చనిపోయినవాళ్ళను నది దాటించే కారనేనా అని అడిగాను కదా. కారన్ కాదు. సమాధానం చెప్పినవాళ్ళకు చాలా థాంక్స్.

మీరు చెప్పినట్టే ఇటలీ కవి డాంటే కావ్యం 'డివైన్ కామెడీ'లో మొదటి భాగం 'నరకం' మళ్ళీ తీశాను. మూడో సర్గలో కారన్ ఆత్మలను దాటించేది అకెరాన్ నది. ఎనిమిదో సర్గలో దాటేది బురద నిండిన స్టిక్స్ నది, అక్కడ పడవవాడు ఫ్లెగ్యాస్. బొమ్మలో వెనక మండుతున్నది స్టిక్స్ అవతల నరకంలోని డీస్ నగరం కాబట్టి ఇది స్టిక్సే. నీళ్ళలోంచి పడవ అంచు పట్టుకుని వేలాడుతున్నవాళ్ళు కోపం అనే పాపానికి అక్కడ శిక్ష పడ్డ కోపిష్ఠులు. ఒకడైతే పళ్ళతో కరిచి పట్టుకున్నాడు!

తర్వాత బొమ్మను బాగా పెద్దది చేసి చూశాను. కింద పడి ఉన్నవాళ్ళ ఒంటి మీది నీటి చుక్కల దగ్గర ఆగిపోయాను. ఒక్కో చుక్కలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు కలపకుండా పక్కపక్కనే పెట్టాడు దెలాక్రువా. దూరం నుంచి చూస్తే నిజంగా తడిగానే ఉంటుంది. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

వైతరణి అంటే ఆవు తోక పట్టుకుని దాటడమే విన్నదాన్ని, ఇక్కడ నదికొక పడవవాడు ఉంటాడని అనుకోలేదు. ఇప్పుడు మరుపునిచ్చే లీథీ నది కోసం ఆ కావ్యం రెండో భాగం 'పర్గటోరియో' మొదలుపెట్టాను.