బాదం జామ్ కుకీల గుంట పూడిపోతోంది, ఏం మార్చాలి?

గుడ్డు లేకుండా బాదం జామ్ కుకీలు చేస్తున్నాను. మైదా 150 గ్రాములు, బాదం పొడి 75, ఉప్పులేని వెన్న 140, పంచదార పొడి 75. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 170 డిగ్రీలు, పైనా కిందా రాడ్లు వేసి 14 నిమిషాలు. సగం టైమ్ గడిచేసరికే కుకీలు పరుచుకుపోయి, జామ్ కోసం మధ్యలో వేలితో నొక్కిన గుంట పూడిపోతోంది. మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ బుడగలొచ్చి అంచు దాటి, ట్రేకి అంటుకుని నల్లగా మాడుతోంది. రుచి మాత్రం చాలా బాగుంది, అందుకే వదలబుద్ధి కావడం లేదు.

ఉండలు చేసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాను, ఓవెన్ ముందే వేడి చేశాను, జామ్ పావు చెంచాకి తగ్గించాను. తేడా లేదు. సగం కాలాక చెంచా వెనకవైపుతో మళ్లీ నొక్కితే అంచులు పగులుతున్నాయి.

గుంట నిలబడాలంటే ఈ కొలతల్లో వెన్న ఎన్ని గ్రాములు తగ్గించాలి?