మెట్లు ఎక్కితే ఆయాసం, దిగితే తొడనొప్పి: తక్కువ శ్రమకి ఎక్కువ నొప్పి ఎందుకు?

కొండదారి:
అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. ఎక్కేటప్పుడు రొప్పు, చెమట, గుండెదడ అన్నీ ఉంటాయి. దిగేటప్పుడు కబుర్లు చెప్పుకుంటూ దిగిపోవచ్చు. తీరా చూస్తే, నడిచి దిగినవాళ్లే రెండోరోజు కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోతుందని అందరూ అంటారు. అదే నిజమైతే ఎక్కినప్పుడే కదా ఎక్కువ పేరుకోవాలి?

పిక్కబలం:
మీ అనుమానం సరైనదే. శ్రమ ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్‌కి ఒంట్లో ఉండే రూపం) మామూలు స్థాయికి దిగిపోతుంది. రెండోరోజు నొప్పికి దాన్ని తిట్టడం, ఊళ్లో లేనివాడి మీద కేసు పెట్టడం లాంటిది.

తొడ ముందువైపు నాలుగు కండరాలున్నాయి. పైన మధ్యలో రెక్టస్ ఫెమోరిస్, దాని అడుగున వాస్టస్ ఇంటర్మీడియస్, బయటివైపు వాస్టస్ లేటరాలిస్, లోపలివైపు వాస్టస్ మీడియాలిస్. నాలుగూ మోకాలి చిప్ప దగ్గర ఒకే టెండన్‌గా (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) కలిసి, చిప్ప కిందుగా టిబియా అనే ముంగాలి ఎముక మీదున్న బొడిపెని పట్టుకుంటాయి. చిప్ప చేసేది గిలక పని: టెండన్‌ని కీలుకి కాస్త ఎడంగా ఉంచి లాగే బలాన్ని పెంచుతుంది.

మెట్టు ఎక్కేటప్పుడు ఈ కండరాలు పొట్టిగా అవుతూ ఒంటిని పైకెత్తుతాయి. దిగేటప్పుడు పనంతా పై మెట్టు మీద మిగిలిన కాలిది. మోకాలు వంగుతుంటే కండరం సాగుతూనే, ఒళ్లు దభీమని పడకుండా వెనక్కి లాగిపట్టుకుంటుంది. నిండు చేదని తాడు బిగబట్టి మెల్లగా బావిలోకి దించినట్టు. దీన్ని ఎక్సెంట్రిక్ పని అంటారు. 2388 మెట్లు దిగితే ఒక్కో కాలికి దాదాపు 1200 బ్రేకులు. మునివేళ్ల మీద ఆనుతూ దిగేవాళ్లకి పిక్కలకీ ఇదే శిక్ష.

దిగేటప్పుడు ఊపిరి తేలిగ్గా ఎందుకు ఆడుతుందంటారా? 1952లో అబ్బాట్, బిగ్లండ్, రిచీ అనే పరిశోధకులు రెండు సైకిళ్లని వీపులు కలిపినట్టు ఎదురెదురు దిక్కులకి నిలిపి ఒకే గొలుసు వేశారు. ఒకరు ముందుకి తొక్కుతుంటే రెండోవాళ్లు పెడల్ మీద ఎదురుబలం పెట్టి ఆపాలి. గొలుసు మీద బలం ఇద్దరిదీ ఒకటే. ఆక్సిజన్ మాత్రం ముందుకి తొక్కినవాళ్లకే కొన్ని రెట్లు ఎక్కువ పట్టింది.

తంతువు:
పైన చెప్పింది కాలు లెక్క. అసలు సంగతి తంతువు లోపల ఉంది.

కండర తంతువులో సార్కోమియర్లనే చిన్న గదులు వరసగా ఉంటాయి. విశ్రాంతిలో ఒక్కోటి 2 నుంచి 2.5 మైక్రాన్ల పొడవు. గదికి రెండు చివరలా జెడ్ గీతలు, వాటినుంచి లోపలికి సన్నటి యాక్టిన్ పోగులు, మధ్యలో లావాటి మయోసిన్ పోగులు. నరం నుంచి సంకేతం రాగానే తంతువులోని సంచుల్లోంచి కాల్షియం విడుదలై ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. దాంతో యాక్టిన్ మీది అడ్డు తొలగి, మయోసిన్ తలలు దాన్ని పట్టి లోపలికి లాగుతాయి. పోగుల పొడవు మారదు, ఒకదాని మీదుగా ఒకటి జారతాయంతే. ఈ సంగతి 1954లో ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె ఒకవైపు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకోవైపు ప్రకటించారు.

చాలామంది తలకిందులుగా అనుకునేది ఒకటుంది. కణాలకి ఇంధనమైన ఏటీపీ పట్టుకోవడానికి కాదు, వదలడానికి కావాలి: ఏటీపీ అణువు వచ్చి కూర్చుంటేనే మయోసిన్ తల యాక్టిన్‌ని వదులుతుంది. చనిపోయాక ఒళ్లు కొయ్యబారేది ఏటీపీ అయిపోయి ఆ పట్టు వీడకే. (ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి వేరుచేసి చూపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.)

దిగేటప్పుడు ఒంటి బరువే కండరాన్ని సాగదీస్తుంది కాబట్టి చాలా తలలు ఏటీపీ రాకుండానే పెరికినట్టు ఊడిపోతాయి. ఇంధనం ఆదా. పైగా సాగుతూ లాగే తంతువు ఎక్కువ బలం తట్టుకోగలదు కనుక, మెదడు తక్కువ తంతువులతోనే పని కానిచ్చేస్తుంది. అక్కడే చిక్కు. ఒక్కో తంతువు మీద భారం పెరిగి, బలహీనమైన సార్కోమియర్లు హద్దు దాటి సాగి, జెడ్ గీతలు చెదురుతాయి. పొర చిరిగి కాల్షియం లోపలికి కారుతుంది. ఆ తర్వాత వాపు, నొప్పి నరాల చురుకుదనం. ఇదంతా తయారవ్వడానికి టైం పడుతుంది కాబట్టే నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది.

కొండదారి:
బాగా అర్థమైంది. మరి దిగక తప్పనివాళ్లు ఏం చేయాలి? ముందురోజు స్ట్రెచింగ్ చేస్తే సరిపోతుందా?

నిదానంగా_దిగు:
స్ట్రెచింగ్ వల్ల ఈ నొప్పి తగ్గేది నామమాత్రమే. పనిచేసేది ముందుగా చిన్న మోతాదులో అదే దెబ్బ తినడం. ఒకసారి ఎక్సెంట్రిక్ పని చేసిన కండరం, కొన్ని వారాలపాటు రెండోసారి అంత దెబ్బతినదు.

మూడు వారాల ముందు మొదలుపెట్టండి. 15–20 సెంటీమీటర్ల మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, మూడు అంకెలు లెక్కపెడుతూ రెండో కాలి మడమ నేలకి ఆనేదాకా దిగండి. కాలికి 8 సార్లు, రెండు విడతలు, వారానికి రెండు రోజులు. రెండో వారం మూడు విడతలు. కొండకి వెళ్లే ముందు కనీసం ఐదు రోజులు ఆపేయండి, లేకపోతే నొప్పిని వెంటబెట్టుకునే బయల్దేరతారు. మూడో అంకె దగ్గర ఒంటిని వదిలేయడం, మోకాలు లోపలికి వాలిపోవడం, ఆవేశపడి మొదటిరోజే వంద గుంజీళ్లు తీయడం: తప్పులన్నీ ఇక్కడే.

దారిలో చేతిపట్టు ఉన్నచోట పట్టుకోండి. తొడలు వణికితే ఆగండి. మర్నాడు పడుకుండిపోవద్దు, తేలిగ్గా నడవండి. వేడినీళ్లు హాయిగానే ఉంటాయి గానీ చిరుగుని అతకవు. నీళ్లు సరిగ్గా తాగకుండా ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర వేసుకోవడం కిడ్నీలకి మంచిది కాదు.

తంతువు:
ఒక చేర్పు. ప్రతి నొప్పీ ఇదే అనుకోకండి. ఇది రెండు కాళ్లకీ, నొక్కితే కండరం పొడుగునా ఉంటుంది. దిగుతున్నప్పుడే చిప్ప చుట్టూ పోటు వస్తే అది కీలు సమస్య. ఒక్క పిక్కే వాచి వెచ్చగా ఉంటే రక్తనాళంలో గడ్డ ఉందేమో చూపించుకోవాలి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండరం విపరీతంగా పగిలి అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కిడ్నీలకి చేరుతున్నట్టు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పాలి.

పిక్కబలం:
ఇంకొకటి. కొండ దిగిన వారంలోపే హెల్త్ చెకప్ పెట్టుకోకండి. కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్ పెరిగి కనబడుతుంది. అది కాలేయం నుంచే కాదు, దెబ్బతిన్న కండరం నుంచీ వస్తుంది. రిపోర్టు చేతికొచ్చాక కంగారుపడేకన్నా, కొండ దిగిన సంగతి డాక్టరుకి చెప్పి, సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియేటిన్ కైనేజ్) కూడా చూడమనండి.