ప్రొస్టేట్ శస్త్రచికిత్స తర్వాత అంగస్తంభన తిరిగి రాలేదు, మాత్ర పనిచేయలేదు: ఇక ఇంతేనా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా వయసు 61. ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలడంతో సంక్రాంతి వెళ్లాక హైదరాబాదులో రోబోటిక్ పద్ధతిలో గ్రంథిని పూర్తిగా తీసివేశారు. క్యాన్సర్ గ్రంథి దాటలేదన్నారు, పీఎస్ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్‌ను గమనించేందుకు చేసే రక్తపరీక్ష) కూడా దాదాపు సున్నాకు వచ్చింది కాబట్టి ఆ దిగులు లేదు. మూత్రం లీకవడం కూడా చాలావరకు తగ్గింది. అయితే శ్రావణం వచ్చినా అంగస్తంభన మాత్రం ఏమాత్రం తిరిగి రాలేదు. సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాసిచ్చారు. రాత్రి భోజనం అయ్యాక రెండు మూడు సార్లు వేసుకున్నా ఫలితం కనిపించలేదు. నాకు చాలాకాలంగా షుగర్ ఉంది. ఈ వయసులో ఇలాంటివి అడిగితే ఏమనుకుంటారోనన్న సంకోచంతో డాక్టరుగారి దగ్గర మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇక ఇంతేనా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం:

అన్నగారూ, నేనూ ఇదే శస్త్రచికిత్స చేయించుకున్నవాడిని. మా యూరాలజిస్టు విడమరిచి చెప్పినదీ, తర్వాత శ్రద్ధగా చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: ఆరేడు నెలలకే మాత్ర పనిచేయలేదంటే దారి మూసుకుపోయిందని అర్థం కాదు.

అంగస్తంభనకు ఆజ్ఞలు మోసుకెళ్లే సన్నని నరాలు ప్రొస్టేటుకు రెండు పక్కలా, నారింజ తొనకు పీచు పట్టుకున్నట్టు, అంటిపెట్టుకుని ఉంటాయి. ఒకప్పుడు ఈ శస్త్రచికిత్సలో అవి తెగిపోవడం మామూలే అనుకునేవారు. 1982లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ పాట్రిక్ వాల్ష్ ఆ నరాలను ఉద్దేశపూర్వకంగా కాపాడుతూ గ్రంథిని తీసిన తర్వాతే నేటి పద్ధతికి బాట పడింది. అయితే నరాలను తెగకుండా కాపాడినా, పక్కకు జరిపేటప్పుడు కలిగే ఒత్తిడికీ వేడికీ అవి మొద్దుబారిపోతాయి. తిరిగి తేరుకోవడానికి నెలలు పడుతుంది. చాలామందికి ఏడాదిన్నర, రెండేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. వయసు, షుగరు, బీపీ, పొగతాగే అలవాటు, శస్త్రచికిత్సకు ముందు స్తంభన ఎలా ఉండేదన్నది, ఇవన్నీ ఫలితాన్ని మార్చేవే. మీ విషయంలో షుగరును అదుపులో ఉంచుకోవడం చికిత్సలో భాగమే అనుకోండి.

కాబట్టి మీరు మొదట తెలుసుకోవలసినది, రెండు పక్కల నరాలనూ కాపాడారా, ఒక పక్కనే కాపాడారా, లేక క్యాన్సర్ దగ్గరగా ఉండడం వల్ల రెండింటినీ తీసివేయవలసి వచ్చిందా అన్నది. శస్త్రచికిత్స వివరాలు రాసిన కాగితంలో ఇది ఉంటుంది, లేకపోతే అడగండి. సిల్డెనాఫిల్ తనంతట తాను స్తంభన కలిగించదు. నరాల చివరల నుంచి, రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ విడుదలయితే, ఆ ప్రభావం త్వరగా తగ్గిపోకుండా నిలబెడుతుంది, అంతే. నరాలు ఇంకా తేరుకోనప్పుడు దానికి పట్టు దొరకదు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల ఎందరో మగవాళ్లు లోపం తమలోనే ఉందని కుమిలిపోతున్నారు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మీరు మాత్ర వేసుకున్న తీరు కూడా చూడాలి. నూనె, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే సిల్డెనాఫిల్ ఆలస్యంగా, బలహీనంగా పనిచేస్తుంది. ఖాళీ కడుపున, సుమారు గంట ముందు వేసుకోవాలి. స్పర్శ, కోరిక ఉంటేనే పనిచేస్తుంది, వేసుకుని ఎదురుచూస్తూ కూర్చుంటే కాదు. రెండు మూడు ప్రయత్నాలతో తీర్పు చెప్పలేం. మోతాదు 100 మిల్లీగ్రాములకు పెంచాలా, లేక తిండితో సంబంధం లేకుండా 36 గంటల వరకూ ప్రభావం ఉండే టాడలాఫిల్ మంచిదా అన్నది డాక్టరుగారు చెప్పాలి. రోజూ చిన్న మోతాదులో టాడలాఫిల్ ఇచ్చే పద్ధతీ ఉంది కానీ, దాని వల్ల నరాలు త్వరగా తేరుకుంటాయని గట్టిగా రుజువు కాలేదు.

గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడుతున్నవారు ఈ మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు. రక్తపోటు ప్రాణాపాయకరంగా పడిపోతుంది. ఎప్పుడైనా ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్తే, సిగ్గుపడకుండా ఏ మాత్ర, ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి.

నరాలపై ఆధారపడని మార్గాలూ ఉన్నాయి. వాక్యూమ్ పంపు అన్నది అంగానికి తొడిగే ఒక ప్లాస్టిక్ గొట్టం. జెల్లీ రాసి, అంగం మొదలు దగ్గరి వెంట్రుకలు కత్తిరించుకుని పెట్టుకుంటే గాలి పట్టు నిలుస్తుంది. గాలి లాగినకొద్దీ రక్తం చేరుతుంది. అప్పుడు మొదలు దగ్గర రబ్బరు వలయం ఎక్కించి గొట్టం తీసివేయాలి. వలయాన్ని 30 నిమిషాలకు మించి ఉంచకూడదు. అంగం కాస్త చల్లగా, నీలంగా అనిపిస్తుంది, అది సహజమే. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు మాత్రం ముందు అడిగి మొదలుపెట్టాలి. రెండోది, అంగంలోకే ఇచ్చే ఆల్‌ప్రోస్టాడిల్ వంటి ఇంజెక్షన్. సూది చాలా సన్నగా ఉంటుంది, మనం భయపడినంత నొప్పి ఉండదు. మొదటి మోతాదు డాక్టరు ఎదుటే తీసుకుని నేర్చుకోవాలి. ఈసారి వెళ్లినప్పుడు, "మాత్ర పనిచేయలేదు, పంపు గాని ఇంజెక్షన్ గాని మొదలుపెడదామా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే ఏ డాక్టరూ వింతగా చూడరు.

ఒక మహిళా సభ్యురాలి ప్రశ్న:

మావారికీ ఇదే శస్త్రచికిత్స జరిగింది. అప్పటి నుంచి వేరే గదిలో పడుకుంటున్నారు, దగ్గరకు వెళ్తే ముఖం తిప్పుకుంటారు. కలిస్తే నాకేమైనా సోకుతుందని భయపడుతున్నారేమో తెలియదు. వీర్యం రావడం లేదని ఒకసారి మాత్రం అన్నారు.

సమాధానం:

అమ్మా, క్యాన్సర్ కలయిక వల్ల సోకదు; ఈ విషయం మీరే ఆయనకు నిశ్చయంగా చెప్పవచ్చు. వీర్యం రాకపోవడం కూడా సహజమే, వీర్యద్రవాన్ని తయారుచేసే ప్రొస్టేటునూ, వీర్యకోశాలనూ రెండింటినీ తీసివేశారు గనుక. అయితే చరమసుఖపు అనుభూతిని మోసే నరాలు వేరు. అందుకే స్తంభన లేకపోయినా ఆ సుఖం పొందడం సాధ్యమే. చాలామందికి ఇది తెలియక, ప్రయత్నమే మానేస్తారు. ఆ సమయంలో కాస్త మూత్రం జారితే కంగారు పడవద్దు, ముందుగా మూత్రానికి వెళ్లి వస్తే చాలావరకు తగ్గుతుంది. మూత్రాన్ని ఆపుకోవడానికి బిగించే కటి కండరాల వ్యాయామమూ మేలు చేస్తుంది. ముఖం తిప్పుకోవడం మీ మీద విముఖత కాదు, విఫలమవుతానేమోనన్న భయం అనే నాకు అనిపిస్తుంది. కలయిక అన్న ఆలోచన పక్కన పెట్టి, పక్కపక్కన పడుకోవడంతో మొదలుపెట్టండి. తర్వాతి పీఎస్ఏ పరీక్షకు ఇద్దరూ కలిసి వెళ్లండి. హార్మోన్ ఇంజెక్షన్లు కూడా ఇచ్చి ఉంటే కోరికే తగ్గిపోతుంది, ఆ సంగతి డాక్టరుగారితో విడిగా మాట్లాడాలి.

మొదటి ప్రశ్న అడిగినవారు:

చాలా ధన్యవాదాలు. ఇంజెక్షన్ గురించి అడుగుతాను. బస్టాండు గోడల మీద ప్రకటించే మూలికల మందు వాడి చూడమని మా బంధువు ఒకరు అంటున్నారు. ఏదీ పనిచేయకపోతే ఆపరేషన్ ఉంటుందా?

సమాధానం:

ఆ మందు వద్దు, అన్నగారూ. మూలికలని అమ్మే ఇలాంటి పొడుల్లో, గుళికల్లో సిల్డెనాఫిల్‌నే ఎంత మోతాదో చెప్పకుండా కలిపిన సందర్భాలు పరీక్షల్లో బయటపడ్డాయి. గుండె మందులు వాడేవారికి అది విషమే. ఆపరేషన్ ఉంది. అంగంలో కృత్రిమ కడ్డీలు గాని, పంపుతో ఉబ్బే గొట్టాలు గాని అమరుస్తారు. బాగా పనిచేస్తాయి కానీ, ఒకసారి అమర్చాక సహజ స్తంభన మళ్లీ వచ్చే అవకాశం పోతుంది. కాబట్టి నరాలకు తగినంత సమయం ఇచ్చి, మిగతావన్నీ ప్రయత్నించాకే ఆ నిర్ణయం తీసుకుంటారు. ఇంజెక్షన్ మొదలుపెడితే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే తెల్లవారే వరకూ ఆగవద్దు, ఆ రాత్రే అత్యవసర విభాగానికి వెళ్లి ఏ మందు, ఎంత మోతాదు తీసుకున్నారో చెప్పండి.