ఎనిమిదో తరగతి సైన్స్ ఫెయిర్: అగ్నిపర్వతం కాకుండా ఇంకేదైనా చెప్పండి

సత్యనారాయణపురం అమ్మ (విజయవాడ)
మా వాడి బడిలో వచ్చే శనివారం సైన్స్ ఫెయిర్. "అందరూ ఆగి చూడాలి, కానీ నేనే చేయాలి" అంటున్నాడు. లెనిన్ సెంటర్‌లో ఒక పాత ప్రాజెక్టుల పుస్తకం కొన్నాం. అందులోని సామాను సగం మాకు దొరకదు. స్టేషనరీ కొట్లో థర్మాకోల్ అగ్నిపర్వతం తయారుచేసి ఇస్తామన్నారు. అది తీసుకెళితే వాడు చేసినట్లు ఎలా అవుతుంది? మూడు వందల రూపాయల్లో అయ్యేది ఏదైనా ఉందా?

రిటైర్డ్ మాస్టారు (గుంటూరు)
అమ్మా, ఆ అగ్నిపర్వతం జోలికి పోకండి. నేను జడ్జిగా వెళ్లిన ప్రతి ఫెయిర్‌లోనూ వంటసోడా, వెనిగర్ పొంగుతూనే ఉండేవి. "ఇందులో నువ్వు ఏం కనుక్కున్నావు?" అని అడిగితే పిల్లలు నేల చూపులు చూసేవారు. మోడల్ ఎంత అందంగా ఉన్నా, జవాబు తెలియని ప్రశ్న ఒకటి లేకపోతే అది బొమ్మల కొలువే.

మీ ఇంట్లో పసుపు, సున్నం ఉంటాయి కదా. ఆ రెండూ కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు వస్తాయని బాబుకు తెలిసే ఉంటుంది. ఆ ఎరుపులో పులుపు పోస్తే మళ్లీ పసుపు రంగు తిరిగి వస్తుంది. చూసేవాళ్లు ఆగేది ఇక్కడే. ప్రాజెక్టు మాత్రం దీని తర్వాత మొదలవుతుంది: ఏ పులుపు ఎంత పోస్తే ఎరుపు పోతుంది? నిమ్మరసం, టమాటా, చింతపండు, పుల్ల పెరుగు మీది తేట, వీటిలో ఏది బలమైనదో ముందు నాలుకతో చూసి ఒక వరుస రాయమనండి. తర్వాత కొలిచి ఇంకో వరుస. రెండు వరుసలూ ఒకటేనా? అదే వాడి ప్రశ్న.

పొడి ప్యాకెట్లలో రంగు కలిపి ఉండవచ్చు. అందుకని పసుపు కొమ్ములే కొనండి, దుగ్గిరాల పసుపు మార్కెట్ పక్కనే ఉండగా మనకు కొమ్ములకు కరువా! దంచి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టండి. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. పొయ్యికి దూరంగా చేయండి. కిళ్లీ సున్నాన్ని నీళ్లలో కలిపి, తేరాక పై నీళ్లు మాత్రం తీసుకోండి. 20 మిల్లీలీటర్ల తేటలో నాలుగు చుక్కల పసుపు వేస్తే ఎర్రబడుతుంది. సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజితో పులుపును కొంచెం కొంచెంగా వదులుతూ, రంగు మారగానే గీత చూసి రాసుకోవాలి. ఒక్కో పులుపుకు మూడుసార్లు చేసి సగటు తీయాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కళ్లద్దాలు తప్పనిసరి.

మిర్చి యార్డు పక్కింటి అమ్మాయి (గుంటూరు)
గుంటూరు వాళ్లమై ఉండి మిరపకాయ మాట ఎత్తకపోతే ఎలా మాస్టారూ? 1912లో అమెరికా ఫార్మసిస్టు విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవారికి కారం తెలియకుండా పోయే దాకా కొలిచాడు. తేజ, సన్నం రకాలతో అదే చేయవచ్చు కదా.

రిటైర్డ్ మాస్టారు
ఆలోచన బాగుంది తల్లీ, కానీ ఫెయిర్‌కు వచ్చే పిల్లలకు కారం నీళ్లు తాగిస్తే వాళ్ల అమ్మలు ఊరుకోరు. ఆ చేతులతోనే కళ్లు నలుపుకుంటారు కూడా. నువ్వు కాలేజీ ల్యాబులో చేసుకో.

సత్యనారాయణపురం అమ్మ
మాస్టారూ, నిన్న రాత్రి మొదలుపెట్టాం. నిమ్మరసానికి చక్కగా వచ్చింది. మా వాడు వంటగదిలోంచి కదలడం లేదు, గట్టు మీది పసుపు మరకల సంగతి వేరు. కానీ చింతపండు రసం తనే గోధుమ రంగులో ఉంది, టమాటా ఎర్రగా ఉంది. రంగు ఎప్పుడు మారిందో తెలియడం లేదు. పైగా ఇవాళ సున్నపు తేట మీద తెల్లటి పొర కట్టింది, నిమ్మరసం కూడా నిన్నటికంటే తక్కువే పట్టింది.

రిటైర్డ్ మాస్టారు
రెండూ మంచి సందేహాలే. ఫిల్టర్ పేపరును పసుపు స్పిరిట్‌లో ముంచి, నీడలో ఆరబెట్టి ముక్కలు చేయండి. ఎండలో ఆరబెడితే రంగు వెలిసిపోతుంది. చింతపండు, టమాటాలకు గ్లాసులో పసుపు వేయనక్కర్లేదు. రసం కొంచెం పోసినప్పుడల్లా పుల్లతో ఒక చుక్క తీసి పేపరు మీద పెట్టండి. చుక్క ఎర్రబడడం ఆగిపోయిందంటే సున్నం పని అయిపోయినట్లే. చింతపండు ఎంత తూచారో, ఎన్ని నీళ్లలో పిసికారో చార్టులో రాయాలి, లేకపోతే జడ్జి పట్టుకునేది అక్కడే.

ఆ పొర గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఏర్పడిన కాల్షియం కార్బొనేట్. సున్నం అలా ఖర్చవుతుంటే తేట బలం తగ్గుతుంది, అందుకే నిమ్మరసం తక్కువ పట్టింది. కాబట్టి పులుపులన్నీ ఒకే రోజు, ఒకే సీసాలోని తాజా తేటతో కొలవండి. నిన్నటి నిమ్మరసం అంకె కొట్టేయకుండా ఇవాళ్టిదాని పక్కనే చార్టులో ఉంచమనండి. ఎందుకు తేడా వచ్చిందని ఎవరైనా అడిగితే, బాబు దగ్గర ఇప్పుడు జవాబు ఉంది.